డార్బీ కౌంటీలో డార్బీ లేడు

ఇంకా పేరు పెట్టని మెట్ట,
1885 జనవరి 12

తమ్ముడూ లెమ్,

నేను బాగానే ఉన్నాను. చలికి ఇంటి మట్టిపెళ్ళలు రెండుచోట్ల నెర్రెలిచ్చాయి, గుడ్డలు కుక్కాను. ఎర్రావు ముసలిదైపోయింది. మెడలో గంట లేకుండా తిరుగుతోంది కదా, పొద్దుగూకేసరికి దాన్ని వెతుక్కుంటూ నేను మెట్టంతా తిరగాల్సి వస్తోంది.

అసలు సంగతి చెబుతాను. నిన్న బడిలో అందరం చేరాం. ఇన్నాళ్ళూ మనకి కౌంటీ అంటూ లేదు. పెళ్ళికైనా పట్టాకైనా మూడు రోజులు బండి కట్టుకుని నది ఒడ్డు ఊరికి పోవాల్సిందే. ఇప్పుడు మీ శాసనసభవాళ్ళు మన మెట్టని, తూర్పున వాగు పక్క నేలని రెండు కౌంటీలుగా కోస్తున్నారట. తూర్పువాళ్ళు తమదానికి గాంట్ పేరు అడిగారు. బళ్ళన్నీ ఆగే రేవు హైరమ్ గాంట్‌ది కాబట్టి. అడగనీ, నాకేం.

మనదానికి ఏ పేరు అన్నప్పుడు ఒకడు సెనేటర్ పేరన్నాడు, ఇంకొకడు రైలు కంపెనీ పెద్దమనిషి పేరన్నాడు. స్వీడన్ నుంచి వచ్చిన ముసలి ఓలోఫ్ లేచి నిలబడ్డాడు. నీకు తెలుసుగా, ఏడాదికి నాలుగు మాటలు మాట్లాడే మనిషి.

"ఆ సెనేటరు మీకెవరికైనా గుక్కెడు నీళ్ళిచ్చాడా? ఇరవై ఏడు నిలువుల లోతు ఒంటిచేత్తో తవ్వి మన పిల్లలకి నీళ్ళు తాగించినవాడు ఎలమ్ డార్బీ. ఆయన పేరు పెట్టకపోతే రేపట్నుంచి ఆయన బావిలో చేద ఎవరు వేస్తారో నేనూ చూస్తాను" అన్నాడు.

అంతే, నలభైఒక్కమంది సంతకాలు పెట్టారు. రాతరానివాళ్ళు ఎనిమిదిమంది గీతలు పెట్టారు. గాంట్ కూడా వచ్చి పెట్టాడు, వాడి రెండో పట్టా మన పక్కనే కదా. కాగితం పట్టుకున్నది నేనే. వాడి మొహం చూడలేదు.

లెమ్, మీ బావ ఎలమ్‌కి సమాధిరాయి లేదు. ఆయన ఉన్నది గాంట్ నేలలో, గాంట్ కోసం తవ్వుతున్న బావిలో, కూలిన ఇసుక కింద. గోడలు కూలకుండా ఆపే బల్లల ఒర దించకుండా మనిషిని లోపలికి పంపినవాడి నేలలో నా చేత్తో రాయి పాతించను. ఈ కౌంటీ పేరే ఆయనకి రాయి. అందరూ పటంలో చదివే రాయి. చట్టాలకి శుద్ధప్రతి రాసేది నువ్వేనట కదా, నీ చేత్తోనే బావ పేరు రాస్తావన్నమాట. ఈ మాట అనుకున్నప్పట్నుంచీ నాకు కాస్త అన్నం సయిస్తోంది.

అక్క
ఓర్ఫా


మిసెస్ హాల్‌బర్ట్ బోర్డింగు ఇల్లు, రాజధాని,
1885 మార్చి 3

అక్కా,

నీ ఉత్తరం అందింది. ఆలస్యానికి మన్నించు. సభ ముగిసేముందు ఊపిరి సలపనంత పని.

కౌంటీల చట్టం అయింది. రెండు పేర్లూ అందులో ఉన్నాయి. గవర్నరు సంతకం చేశారు. పటం అచ్చువేసి పోస్టాఫీసులకి పంపుతారు.

ఇక్కడ జల్లులు పడుతున్నాయి. నా కుడిచెయ్యి మణికట్టు దగ్గర తిమ్మిరెక్కుతోంది, వైద్యుడు కొవ్వు రాసి కట్టు కట్టాడు. మిసెస్ హాల్‌బర్ట్ చారు రోజురోజుకీ పల్చబడుతోంది. నువ్వు మనసు కష్టపెట్టుకోకుండా ఉండు. ఒమాహా నుంచి రైల్లో నీకు ఉన్ని దుప్పటి పంపాను.

లెమ్


గాంట్ కౌంటీ అని రాయాలట. నేను రాయను.
1885 ఏప్రిల్ 19

లెమ్,

పటం వచ్చింది.

పోస్టుమాస్టరు ఆస్గుడ్ పిండి పీపా మీద పరిచాడు. పదిమంది మూగారు. నాకోసం దారి వదిలారు, పెళ్ళికూతురికి వదిలినట్టు. నేను వేలు పెట్టి వెతికాను. మన మెట్ట దొరికింది, వాగు వంక దొరికింది, మెట్ట మీది అక్షరాలు చూశాను. మళ్ళీ చూశాను.

"కూర్చో తల్లీ ముందు" అన్నాడు ఆస్గుడ్.

"అద్దాలు మర్చిపోయొచ్చాను, నువ్వు చదువు" అన్నాను. నాకు అద్దాలు లేనేలేవు, అది అందరికీ తెలుసు.

"ఇదేమో గాంట్. ఆ తూర్పుదేమో డార్బీ. ఏదో తిరగబడ్డట్టుంది తల్లీ."

తిరగబడ్డట్టుంది! ఆయన ఎముకలున్న నేలకి ఆయన్ని చంపినవాడి పేరు. ఆయన ఏనాడూ గడ్డపార దించని వాగు పక్కకి ఆయన పేరు. ఎవరో వెనకనుంచి కిసుక్కుమన్నారు కూడా. నవ్వాలని కాదులే, ఏం చెయ్యాలో తోచక. నేను ఇంటికొచ్చి పొయ్యిలో పిడకలు వేసి ఊరికే కూర్చున్నాను. ఏడుపు కూడా రాలేదు.

"రెండు పేర్లూ అందులో ఉన్నాయి" అని రాశావు. ఉన్నాయి, నిజమే. అబద్ధం చెప్పకుండా ఎంత బాగా మోసం చేశావురా! నీకు అప్పటికే తెలుసు. ఇది ఎవరు చేశారు? నీ పైవాళ్ళా? గాంట్‌గాడు ఎవరి చెయ్యైనా తడిపాడా? దాచకుండా రాయి.

ఓర్ఫా


రాజధాని,
1885 మే 11

అక్కా,

గాంట్‌కి దీంతో ఏ సంబంధమూ లేదు. పైవాళ్ళకీ లేదు. తప్పు నాది.

చట్టంలో రెండు పేరాలుంటాయి. ఒక్కో పేరాలో ముందు హద్దులు, చివర పేరు. హద్దులు రెండింటికీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి, అంకెలే తేడా. కన్ను ఒక వరస నుంచి ఇంకో వరసకి జారింది. పేర్లు అటుదిటు అయ్యాయి. సభలో చదివేటప్పుడు ఎవరూ వినలేదు, అందరూ టోపీలు వెతుక్కునే తొందరలో ఉన్నారు. అచ్చయ్యాక చూసుకున్నాను. అప్పుడు చెప్పడానికి ధైర్యం చాల్లేదు. చెబితే నా ఉద్యోగం పోతుంది.

మళ్ళీ సభ కూడేది 1887 జనవరిలో. అప్పటిదాకా చేసేది లేదు. అక్కా, ఒక్కమాట చెబుతాను, కోప్పడకు. వదిలేయకూడదూ? బావ పేరు ఎక్కడో ఒకచోట ఉంది కదా. పేరుదేముంది.

లెమ్


అదే మెట్ట,
1886 సెప్టెంబరు 6

లెమ్,

పేరుదేముంది అన్నావు. అందుకే పదహారు నెలలు నీకు ఉత్తరం రాయలేదు. నీ దుప్పటి ఓలోఫ్ భార్యకి ఇచ్చేశాను.

పేరులో ఏముందో ఇప్పుడు విను. పోయిన నెల డార్బీ కౌంటీ నుంచి ఇద్దరు పెద్దమనుషులు బండిలో వచ్చారు. వాళ్ళు తమ కౌంటీ చరిత్ర రాయిస్తున్నారట. మెళ్ళో టైలు, చేతిలో కాగితాలు.

"అమ్మా, కర్నల్ డార్బీగారి చిత్రపటం ఏదైనా ఉందా?"

"ఎవరిదీ?"

"కర్నల్‌గారిది. యుద్ధంలో గుర్రం మీదే ప్రాణాలు వదిలారు కదా. ఆ గుర్రం రంగు చెబితే పుస్తకంలో వేస్తాం."

నేను ఏమనాలి చెప్పు? "అయ్యా, ఆయనకి గుర్రమంటే భయం. జోడు ఎద్దులతోనే నడిచేవాడు. యుద్ధంలో రొట్టెలు కాల్చాడు. చచ్చింది బావిలో" అన్నాను. ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. ఆ ముక్క రాసుకోలేదు. పోతూ పోతూ, బాధలో ఉన్నట్టుంది పాపం అని ఒకడు రెండోవాడితో అనడం విన్నాను. అదీ సంగతి. ఆయన చావు కూడా ఆయనది కాకుండా పోయింది. నలభై ఏళ్ళు పోతే డార్బీ అంటే గుర్రం. నేను కాకుండా ఆయన సంగతి తెలిసినవాళ్ళు నువ్వు తప్ప ఎవరూ లేరు. నువ్వేమో పేరుదేముంది అంటావు.

మళ్ళీ అర్జీ రాయించాను. జనవరికి పంపాలి. దిద్దాలంటే, రాసిన గుమాస్తా తప్పు తనదేనని ప్రమాణం చేసి ఇచ్చిన కాగితం కావాలని మన శాసనసభ్యుడు తేల్చి చెప్పాడు. అది లేకపోతే అర్జీ చెత్తబుట్టకే. నీ ఉద్యోగం పోవచ్చు. పోతే ఇక్కడికి రా, తిండికి లోటుండదు. కాగితం పంపు. నిన్ను ఇంతకుముందు ఏమీ అడగలేదు. ఇక అడగను కూడా.

ఇంకో సంగతి. అర్జీ మాట విని గాంట్ వచ్చాడు. మీ బావ పోయాక ఈ ఐదేళ్ళలో నా గడప దగ్గరికి రావడం ఇదే. టోపీ తీసి చేతిలో నలుపుతూ నిలబడ్డాడు. బాగా ఒంగిపోయాడు.

"అమ్మాయ్, మొదటి సంతకం నాది పెట్టుకో. ఆ నేలకి నా పేరు ఉండకూడదు."

"ఇప్పుడు తెలిసిందా? ఒరకి నాలుగు బల్లలు తేవడానికి మాత్రం చేతులు రాలేదు. నా మొగుడి మీద ఇసుక పడ్డాక బండినిండా తెచ్చావు, శవపేటికకి!"

"అవునమ్మా. బల్లలు లేకపోవడం నా తప్పే."

"ఎన్నిసార్లు చెబుతావయ్యా ఆ మాట?"

"నువ్వు అడిగినన్నిసార్లు" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక్కసారి ఎదురు చెబితే హాయిగా తిట్టేదాన్ని. మెత్తటి మనిషిని తిట్టడమంత పాపిష్టి పని ఇంకోటి లేదు. మంచు పడేలోగా రేవు అమ్మేసి ఆరెగాన్‌లో కూతురి దగ్గరికి పోతున్నాడట. సంతకం పెట్టి, గుమ్మం దాటి, మళ్ళీ వెనక్కి తిరిగాడు. "లెమ్ కుర్రాడు బాగున్నాడా? సరిగా తింటున్నాడా?" అని అడిగాడు. నీతో వాడికేం పని? తలుపు వేసేశాను.

కాగితం పంపు.

ఓర్ఫా


రాజధాని,
1886 నవంబరు 2

అక్కా,

ప్రమాణపత్రం దీంతో జత చేశాను. ముద్ర వేయించాను. నిన్ననే ఉద్యోగం మానేశాను, వాళ్ళు తీసేసేదాకా ఆగలేదు. ఇది చాలు నీ అర్జీకి. కానీ దాన్లో రాసింది అబద్ధం. కన్ను జారలేదు.

ఆ రోజు పట్టపగలు, కిటికీ పక్కన కూర్చుని రాస్తున్నాను. తూర్పు పేరా అయింది, గాంట్ అని రాశాను. పడమటి పేరా మొదలెట్టాను. హద్దులు రాస్తూ రాస్తూ వస్తే ఆ అంకెలు వచ్చాయి, గాంట్ రెండో పట్టా అంకెలు, ఆ బావి ఉన్న చదరం. ఆ అంకెల కింద ఎలమ్ డార్బీ అని రాయాలి. చెయ్యి కదల్లేదు అక్కా. ఒట్టు, కదల్లేదు. తర్వాత కత్తితో తూర్పు పేరు గీకేసి డార్బీ అని రాశాను, ఇక్కడ గాంట్ అని రాశాను. అప్పుడు చెయ్యి బాగానే కదిలింది.

ఎందుకో నీకు తెలుసా, తెలియదా? ఐదేళ్ళుగా నాకు అర్థం కానిది ఇదే. బావ పోయిన రోజు నేను బావి గిలక దగ్గర లేను. నీ గుమ్మంలో నిలబడి కాఫీ తాగుతున్నాను. నీకు ఆ ఘోరంలో గుర్తులేకుండా పోయిందనుకున్నాను. గుర్తుంటే నా మొహం చూసేదానివా, వచ్చేటప్పుడు నా మూటలో రొట్టెలు కట్టేదానివా?

జరిగింది ఇది. గాంట్ ఒరకి బల్లలు తేవడానికి ముందురోజే రేవుకి పోయాడు. తాను వచ్చేదాకా దిగొద్దని బావకి గట్టిగా చెప్పాడు. బావ వినలేదు. "మట్టి రాయిలా ఉందిరా, ఈ రెండు నిలువులూ తవ్వేస్తే నీళ్ళే" అని దిగాడు. లోపలినుంచి పిలిస్తే గాలికి వినపడదని తాడుకి గంట కట్టాం. మూడుసార్లు మోగితే లాగెయ్యాలి. బకెట్టు నిండడానికి చాలాసేపు పడుతుంది కదా, ఈలోగా వచ్చేస్తానని వచ్చాను. చెవులకి మఫ్లరు కట్టుకుని ఉన్నాను. ఆలస్యమైందని పరుగెత్తి వెనక్కి వెళ్ళేసరికి నేల కుంగిపోయి ఉంది, తాడు లోపలికి పోయింది.

అప్పుడే గాంట్ బండి దిబ్బ దిగుతోంది. నేను మీ ఇంటివైపు నుంచి పరుగెత్తడం చూశాడు. వచ్చి నా రెండు భుజాలూ పట్టుకున్నాడు. "నువ్వు గిలక దగ్గరే ఉన్నావు. విన్నావా? ఒర లేక కూలింది. ఒర తేనిది నేను. మీ అక్కకి నువ్వు తప్ప ఎవరూ లేరు" అన్నాడు. ఆ బల్లలు శవపేటికకి తెచ్చినవి కావు. ఒరకే. బావ పోయిన వారానికి నువ్వు బడిలో అందరిముందు అతన్ని హంతకుడా అన్నప్పుడు నేను నీ పక్కనే కూర్చుని ఉన్నాను. నోరు మెదపలేదు.

గంట మోగిందా అక్కా? అదొక్కటే నాకు తెలియదు. మోగలేదు, మోగేలోపే కూలిపోయింది అనుకుంటూ నిద్రపోతుంటాను. నన్ను ఇక అక్కడికి రానివ్వవని తెలుసు. కాగితం మాత్రం వాడుకో.

లెమ్


గాంట్ కౌంటీ,
1886 డిసెంబరు 8

తమ్ముడూ లెమ్,

మోగింది.

నీకు మఫ్లరు ఉంది, నాకు లేదు. నేను గుమ్మానికి ఆనుకుని, నీ గిన్నెలో రెండోసారి కాఫీ పోస్తున్నాను. గంట మోగింది. మూడుసార్లు, తర్వాత ఇంకా చాలాసార్లు, గబగబా. నేనేమన్నానో తెలుసా? "ఎర్రావు ఇవాళ పెందలాడే ఇల్లు చేరుతోందే" అన్నాను. నీకు సరిగా వినపడక నవ్వి తలూపావు. ఆ పొద్దున ఎర్రావు మెడలోంచి ఆ గంట విప్పి మీ బావ చేతికి ఇచ్చింది నేనే. నా చేత్తో విప్పి ఇచ్చి, ఆవు వస్తోందనుకున్నాను! నాలుగేళ్ళపాటు ఆ గంట విని ఆవుని కట్టెయ్యడానికి లేచిన దాన్ని కదా, చెవి అలవాటుపడిపోయింది.

నిన్ను గిలక దగ్గర్నుంచి పిలిచింది కూడా నేనే. అది నువ్వు రాయలేదు. "వేడి చల్లారిపోతోంది, రారా" అని రెండుసార్లు కేకేశాను. నువ్వు మొదటిసారి చెయ్యి ఊపి రానన్నావు. అది వదిలేసి మిగతాదంతా రాశావు. నువ్వూ గాంట్ లాంటివాడివేరా.

నాకేదీ గుర్తులేకపోవడమా? ఒక్కరోజు కూడా మర్చిపోలేదు. నిన్ను అంటే నన్ను అనుకోవాలి. అందుకే గాంట్‌ని పట్టుకున్నాను. అతను ఒక్కసారి కూడా చెయ్యి అడ్డుపెట్టుకోలేదు. అతను నీకోసం చేశాడని తెలియక, తప్పు చేసినవాడు కాబట్టే తలొంచుకున్నాడని అనుకుంటూ ఇంకా గట్టిగా పట్టుకున్నాను. ఒరకి తెచ్చిన బల్లల్ని శవపేటికకి అన్నాను అతని మొహం మీద.

నీ ఉత్తరం చదివిన రోజే ఓలోఫ్ బండి కట్టించుకుని రేవుకి పోయాను. పదకొండు మైళ్ళు. ఇంటికి తాళం. తొమ్మిది రోజుల ముందే వెళ్ళిపోయాడు. ఆరెగాన్‌లో ఏ ఊరో ఎవరికీ తెలియదు. తలుపు మీద పలక కొట్టి ఉంది, "డార్బీ రేవు" అని, కొత్త రంగుతో. పక్కన గుర్రం బొమ్మ కూడా వేశారు. నేను అక్కడ మెట్టు మీద కూర్చుని ఏడ్చాను లెమ్. మీ బావ పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. ఓలోఫ్ గుర్రాలకి నీళ్ళు పెట్టాడు.

నీ ప్రమాణపత్రం పొయ్యిలో వేశాను. అర్జీ కూడా. సంతకాలు పెట్టినవాళ్ళు అడిగితే, ముసలిదానికి మతి చెడిందని చెప్పుకోమన్నాను. ఈ కౌంటీకి గాంట్ పేరే ఉండాలి. నువ్వు పిరికితనంతో చేసిన పని, ఎలాగైతేనేం, సరిగ్గా పడింది. మీ బావకి పేరు లేకపోయినా నీళ్ళున్నాయి. ఈ పొద్దున కూడా ఏడు బళ్ళు వచ్చాయి ఆయన తవ్విన మంచినీళ్ళ బావికి.

ఇంకో పని ఉంది నీకు. వసంతంలో ఇక్కడ కచేరీ ఇల్లు కడుతున్నారు. పునాదిరాయి కింద రేకుపెట్టెలో కౌంటీ చరిత్ర ఒక పేజీ పెడతారట, ఎవరి పేరు, ఎందుకు పెట్టారు అని. తూర్పువాళ్ళలా గుర్రం కథలు పెట్టకండి, నేను రాసిస్తానన్నాను. మొదటినుంచీ ఉన్నదాన్ని నేనే కదా, ఒప్పుకున్నారు. రాశాను. దిగొద్దన్నది ఎవరు, వినకుండా దిగింది ఎవరు, గిలక దగ్గర్నుంచి పిలిచింది ఎవరు, వచ్చింది ఎవరు, గంట విన్నది ఎవరు, ఆ నింద అంతా నెత్తిన వేసుకుని పోయింది ఎవరు, అన్నీ ఉన్నాయి. రాయి కింద పెట్టాక ఎవరూ చదవరు. అయినా ఒకచోట ఉండాలి.

నా రాత కోడిగీతలు, నీకు తెలుసు. ఆ పేజీ దీంతో పంపుతున్నాను. నీది చక్కటి చెయ్యి. శుద్ధప్రతి రాసి తీసుకురా, నువ్వే తీసుకురా, పోస్టులో వద్దు. మంచం వేసి ఉంచాను.

ఈసారి పేర్లు మార్చకు.

అక్క
ఓర్ఫా